పాతరలోని గింజలు, కవిలెలోని పేర్లు

గడచిన ఆషాఢమాసమున నొకనాటి సాయంకాలము మా గండికోటలో పిడుగు పడెను. మా సీమకు వాన వచ్చుట అరుదు. వచ్చిననాడు మాత్రము ఎఱ్ఱమల కొండలు దద్దరిల్లునట్లు ఉరుములను వెంటబెట్టుకొని వచ్చును. పెన్న లోయలో ఆ ఉరుము ఒక గోడనుండి మఱియొక గోడకు తగిలి చాలసేపు మాఱుమ్రోగును. ఆనాడు మనుష్యులకు గాని పశువులకు గాని ఆపద కలుగలేదు. మా యింటి నడవలో గోడగూటిలో నుండు ఒక పెట్టె మాత్రము మూగవోయెను. ఆ పెట్టె వలన మేము నేర్చుకొన్న పాఠమును ఈ మాసము మీకు నివేదింపదలచితిమి. ఇందు తప్పు మాది గనుక చెప్పుటకు కొంత సంకోచించితిమి. కాని తన యింట అన్నము మాడినచో ప్రక్కయింటి యామెను హెచ్చరించుట స్త్రీలకు సహజధర్మము గదా!

ఆ పెట్టె యేమి యని మీరడుగవచ్చును. దానిని నాస్ అందురు. ఇంటిలోని ఫోనులు, కంప్యూటర్లు దాచుకొనవలసిన చిత్తరువులను, కాగితముల ప్రతులను అన్నిటిని ఒక్కచోట భద్రపఱచు నిల్వపెట్టె అది. రౌటరునకు తీగతో కలిపి యుంచినచో ఇంటిలోనివారందఱును తమతమ పేరుతో, తమతమ పాస్‌వర్డుతో దానిలోని తమ గదిని తెఱచుకొందురు. కొందఱు దానిని అంగడిలో కొందురు. బడిపంతులు సంసారమునకు అంత వ్యయమేల యని మావారు ఒక పాత కంప్యూటరులో రెండు క్రొత్త హార్డుడిస్కులు బిగించి, ట్రూనాస్ అను ఉచితపు సాఫ్టువేరు నెక్కించి, తామే సిద్ధము చేసిరి. ఒక డిస్కులో వ్రాసినది రెండవదానిలోను తత్‌క్షణమే వ్రాయబడును. ఒకటి చెడినను రెండవది నిలుచును. ఆ సాఫ్టువేరు మాత్రము డిస్కులపై గాక ఒక చిన్న పెన్‌డ్రైవు మీద నుండెను. ఈ చిన్న సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. కథ యంతయు దానిపైననే నడచును.

మా యిరువుర చిత్తరువుల కొఱకే యైనచో ఆ పెట్టె అవసరము లేకపోవును. గండికోట జలాశయమున నీటిమట్టము పెంచినకొలది 2020వ సంవత్సరమున తాళ్లప్రొద్దుటూరు మొదలగు ముంపు గ్రామములవారు ఇండ్లు విడువవలసి వచ్చెను. నిండినచో ఆ జలాశయమున 26.85 టీఎంసీల నీరు నిలుచును. అంత నీటి క్రింద ఇల్లు పోయినవారికి ఆ యింటి గుఱుతుగా మిగులునది కాగితమే. పట్టాదారు పాసుపుస్తకములు, పరిహారపు పత్రములు, పిల్లల బడి సర్టిఫికెట్లు రేకుపెట్టెలలో బెట్టుకొని ఊరూరు తిరుగుచున్న కుటుంబములను చూచి, ఎఱిగినవారికి మావారు ఆ కాగితముల చిత్తరువులు తీసి యిచ్చుచుండిరి. క్రమముగా పదునాలుగు కుటుంబములకు మా పెట్టెలో పదునాలుగు గదు లేర్పడెను. ఒకరి గది యొకరికి కనబడదు. ఇది మేము వారికిచ్చిన మాట.

పిడుగు పడిన మఱునాడు మావారు పెట్టెను విప్పి చూచిరి. మదర్‌బోర్డు కాలిపోయెను, పెన్‌డ్రైవును కాలిపోయెను. హార్డుడిస్కులు రెండును క్షేమముగ నుండెను. వాటిని మఱియొక పాత కంప్యూటరులో బిగించి, క్రొత్త పెన్‌డ్రైవు మీద ట్రూనాస్ నెక్కించి, డిస్కులను గుర్తింపుమని ఆజ్ఞ యీయగా, సమస్తమును చెక్కుచెదరక వెలికి వచ్చెను. మేము దేవునికి దీపము పెట్టి, పాయసము వండితిమి. ఆ సంతోషము మూడునాళ్ల ముచ్చటయే యయ్యెను.

పాతవారి పేర్లు, పాస్‌వర్డులు, ఎవరికి ఏ గది, ఏ రాత్రి ఏ ప్రతి తీయవలెను అను ఏర్పాట్లు అన్నియు కాలిన పెన్‌డ్రైవుతో గూడ కాలిపోయినవి. వీనినే సెట్టింగులు అందురు. మేము అమరికలు అని వ్రాయుదుము. మావారు ఆ రాత్రియే కూర్చుండి పదునాలుగు పేర్లను జ్ఞాపకము మీద మరల సృష్టించిరి. ఆ సమయముననే మా యెఱిగిన ఒక అవ్వగారి కొడుకు ఫోను చేసి, బ్యాంకులో రేపే చూపవలెను, నా పాసుపుస్తకపు ప్రతి కావలెనని తొందరచేయగా, మావారు అతని పేరును ముందు చేసి, అవ్వ పేరును తరువాత చేసిరి. మునుపు అవ్వ పేరు ముందు, కొడుకు పేరు వెనుక నుండెను. ఇంతమాత్రమే జరిగినది.

మూడవనాడు ఉదయమున అవ్వ మా గడపలో కూర్చుండెను. మేము మజ్జిగ యిచ్చిన త్రాగలేదు.

"ఏమ్మా, ఇనప్పెట్టె కంటే బద్రమని నువ్వే గదా సెప్తివి! నా కాయితం మావాడు ఎట్ల సదివినాడు?" అనెను.

ఆ కాయిత మేమనగా, తనకు వచ్చిన పరిహారములో నొక భాగము భర్తను పోగొట్టుకొన్న తన కూతురునకు చెందవలెనని అవ్వ వ్రాయించి, వ్రేలిముద్ర వేసి, మా యొద్ద చిత్తరువు తీయించుకొన్న పత్రము. తన కాలము తీఱిన పిమ్మటనే అది కొడుకునకు తెలియవలెనని అవ్వ కోరిక. అక్షరములు రానిది గనుక ఆమె గదిని మనుమరాలు తెఱచి చూపుచుండెను. ఇప్పుడు కొడుకు తన ఫోనులో తన పేరుతో తన పాస్‌వర్డుతో లోనికి పోగా, తల్లి గది తలుపు తెఱచుకొనెను. అతడు దొంగతనము చేయలేదు. తలుపే అతనిని తనవాడని పిలిచినది.

ఇది యెట్లు సంభవించెనో మావారు రెండు రాత్రులు పరిశోధించి మాకు బోధపఱచిరి. మీకును ఇది తెలియవలెను. డిస్కు మీద నుండు కాగితమునకు తన యజమాని పేరు తెలియదు. ఒక సంఖ్య మాత్రమే తెలియును. మూడవ సంఖ్యవారిది, నాలుగవ సంఖ్యవారిది అని మాత్రమే దానిపై వ్రాసి యుండును. మూడవ సంఖ్య ఎవరు, నాలుగవ సంఖ్య ఎవరు అను పట్టిక అమరికలలో నుండును. పేర్లు సృష్టించిన క్రమమునుబట్టి పెట్టె వరుసగా సంఖ్యల నిచ్చుచుండును. క్రమము మాఱినచో సంఖ్య మాఱును. అవ్వ సంఖ్య కొడుకునకు వచ్చెను, కొడుకు సంఖ్య అవ్వకు వచ్చెను. ఒక్క చిత్తరువైనను పోలేదు. పోయినది ఎవరిది ఏది యను జ్ఞానము.

చిన్ననాడు మా తండ్రిగారు మాకు భారతము చెప్పునపుడు విరాటపర్వమున జమ్మిచెట్టు ఘట్టమును ఎంతో ఆదరముతో చెప్పెడివారు. పాండవులు తమ ఆయుధములను మూటగట్టి శవాకారముగ చెట్టునకు వ్రేలాడదీసిరి. ఏడాదియైన పిమ్మట ఉత్తరకుమారుడు చెట్టెక్కి ఆ మూట విప్పెను. ధనుస్సులన్నియు చెక్కుచెదరక మెఱయుచుండెను. కాని అతనికి అవి వట్టి ఆశ్చర్యములే. ఇది యెవరిది, అది యెవరిది యని యడుగగా, క్రింద నిలిచిన బృహన్నల ఒక్కొక్కదానిని ఎవరిదో వివరించి చెప్పెను. ఆ చెప్పువాడు చెట్టు క్రింద లేకపోయినచో ఆయుధములు క్షేమముగ నున్నను పాండవులకు చెందినవని యెవరు నమ్ముదురు? మా పెట్టెలో మూట మిగిలినది, బృహన్నల కాలిపోయెను.

మా సీమలోని పాతరలను చూచినను ఇదియే తెలియును. జొన్నలను నేలలో గోయి త్రవ్వి, అడుగునను చుట్టును గడ్డి పఱచి, నింపి, పైన మన్ను మెత్తి దాచుట మా పెద్దల యాచారము. గింజలు చెడవు. కాని పాతర యెచ్చట నున్నది, అందెవరి పాలెంత యన్నది నేల చెప్పదు. ఇంటి పెద్ద చెప్పవలెను. మా కోటలో జామియా మసీదునకు సమీపమున ఎత్తైన కమాను కప్పు గల రాతి ధాన్యాగారమును చూడవచ్చినవారెల్లరు దాని గోడల దళసరిని జూచి మెచ్చుకొందురు. పెమ్మసానివారి చేతినుండి ఈ కోట గోలకొండ సేనాని మీర్ జుమ్లా వశమైనది; 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే ఇక్కడనే అతనిని దర్శించెను. కోట చేతులు మాఱిననాడు గింజలు తమ యజమాని పేరు చెప్పుకొనజాలవు. ఎంత దళసరి గోడయైనను ఆ పని చేయజాలదు.

అందులకే మన గ్రామములలో కరణములు కవిలెలు వ్రాసిరి. కవిలె యనగా తాటాకుల లెక్కల కట్ట. ఊరి పొలిమేర లెచ్చటివి, ఏ మాన్యము ఎవరిది, ఏ చెఱువు నీటిలో ఎవరి హక్కెంత, ఏ దేవరకు ఏ భూమి అనునవి అందుండును. కవిలెలో ఒక్క గింజయైనను లేదు. కాని గింజలన్నిటికి దారి దానిలో నున్నది. 1800లో నైజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసిన పిమ్మట, స్కాట్లాండు దేశస్థుడగు కాలిన్ మెకంజీ భూమిని కొలుచుచు, ఊరూరికి మనుష్యులను బంపి ఆ కవిలెల నుండియు పెద్దల నోటనుండియు గ్రామవృత్తాంతములను వ్రాయించెను. కావలి సోదరులైన మన తెలుగువారే ఆ కార్యమున అతనికి కుడిచేయి. ఆ వృత్తాంతములకే కైఫీయతులని పేరు. 1815లో మెకంజీ భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలయ్యెను; 1821లో మరణించెను. అతని సంగ్రహమును కంపెనీవారు కొనిరి.

ఇక్కడ గమనింపవలసిన సంగతి యొకటి కలదు. సంగ్రహము ప్రభుత్వమువారి చేతిలో నున్నది గదా యని అందఱు ఊరకుండలేదు. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు నేర్చి, సొంత ధనముతో పండితులను, వ్రాయసగాండ్రను నియమించి, కావ్యములకు ప్రతులు వ్రాయించిన సంగతి మీరెఱుగుదురు. అతడే కాగితములు శిథిలమగుచున్న ఈ కైఫీయతులకును క్రొత్తప్రతులు తీయించెను. నేడు కడపలో బ్రౌను నివసించిన స్థలముననే అతని పేర భాషాపరిశోధన కేంద్రము వెలసినది. కడప జిల్లా కైఫీయతులు అచ్చుపుస్తకములుగ వెలువడినవి. మూలము ఒకచోట, ప్రతి యొకచోట, అచ్చు వేయిచోట్ల నుండుటచేత మా పూర్వుల ఊళ్ల ఏర్పాటు నేటికి చదువుటకు దొరకుచున్నది. ప్రతి యన్నది మూలము చెడిన పిమ్మట తీయునది కాదు. మూలము బాగుగనున్ననాడే తీయునది. మా యింట లేకపోయిన బుద్ధి యిదియే.

ఇక పని మాటకు వత్తము. మీ యింట నాస్ పెట్టె యున్నచో, అందలి అమరికల ప్రతిని తీయుట ఐదు నిమిషముల పని. ఆ ప్రతి మిక్కిలి చిన్నది. సాధారణముగ పెండ్లి చిత్తరువు లొక గుప్పెడంత చోటు కూడ దానికి అక్కఱలేదు.

అంగడిలో దొరకు సినాలజీ పెట్టె మీయొద్ద నున్నచో, కంట్రోల్ ప్యానెలులో అప్‌డేట్ అండ్ రిస్టోర్ అను పుటకు పోయి, కాన్ఫిగరేషన్ బ్యాకప్ అను చోట ఎక్స్‌పోర్ట్ నొక్కినచో డీఎస్ఎస్ అను తోకగల ఫైలొకటి మీ కంప్యూటరులోనికి దిగును. క్యూనాప్ పెట్టెయైనచో కంట్రోల్ ప్యానెలులోని సిస్టం విభాగమున బ్యాకప్, రిస్టోర్ అను పుటలో ఇట్టి పనియే చేయవచ్చును. మావంటివారు వాడు ట్రూనాస్‌లో సిస్టం శీర్షిక క్రింది సెట్టింగుల పుటలో మేనేజ్ కాన్ఫిగరేషన్ అను మీట కలదు. అచ్చట డౌన్‌లోడ్ నొక్కునపుడు, పాస్‌వర్డు సీక్రెట్ సీడ్ కూడ కావలెనా యని యడుగును. తప్పక కావలెనని గుఱుతు పెట్టుడు. ఆ బీజము లేని ప్రతిని క్రొత్త పెన్‌డ్రైవు మీద నెక్కించినచో, గూఢముగ వ్రాసి దాచిన రహస్యపదములను పెట్టె చదువజాలదు. వాటిని మరల ఇచ్చుకొనవలసి వచ్చును. ఓపెన్ మీడియా వాల్ట్ అను ఉచితపు సాఫ్టువేరు వాడువారికి కాన్ఫిగ్ అను పేరుగల ఒక్క ఎక్స్‌ఎంఎల్ ఫైలులోనే అమరికలలో చాలభాగ ముండును. దానిని భద్రపఱచుకొన్న చాల మేలు.

ఈ ప్రతిని గూర్చి ఐదు నియమములను మేము గోడకు అంటించుకొంటిమి.

మొదటిది: అమరికల ప్రతిని ఆ పెట్టెలోనే దాచరాదు. బీరువా తాళపుచెవిని బీరువాలోపల బెట్టి తలుపు మూయుట యెట్టిదో యిది యట్టిది. ఒక ప్రతి వేఱు కంప్యూటరులో, ఒక ప్రతి పెన్‌డ్రైవులో ఉండవలెను. ఆ పెన్‌డ్రైవు పుట్టింటనో, నమ్మకమైన బంధువుల యింటనో ఉన్నచో మఱియు మేలు. పిడుగు ఒక యింటి మీద పడును గాని రెండూళ్ల మీద ఒక్కసారి పడదు.

రెండవది: అమరికలు మాఱిననాడెల్ల క్రొత్త ప్రతి తీయవలెను. క్రొత్త కోడలికి పేరు సృష్టించిన దినమున, ఒక గదికి తలుపు మార్చిన దినమున, సాఫ్టువేరును నవీకరించుటకు ముందును పిమ్మటను తీయవలెను. ఫైలు పేరులో తేదీని, సాఫ్టువేరు సంచిక సంఖ్యను వ్రాయవలెను. క్రొత్త సంచికలో తీసిన ప్రతిని పాత సంచిక సాధారణముగ స్వీకరింపదు. పాత ప్రతులను వెంటనే చెఱపివేయరాదు. నిన్నటి ప్రతిలోనే దోషమున్నచో మొన్నటిది అక్కఱకు వచ్చును.

మూడవది: ఆ ప్రతిని తాళపుచెవిగ భావింపవలెను. చిన్నది గదా యని ఎల్లరకు కనబడు చోట పెట్టరాదు, బంధువుల ఫోను గుంపులో పంపరాదు. ఇంటివారందఱి పేర్లును, గూఢరూపమున రహస్యపదములును అందున్నవి.

నాలుగవది: గూఢలిపిలో తాళము వేసిన గదులున్నచో వాటి తాళపుచెవిని వేఱుగ దింపి దాచవలెను. ఇది మిక్కిలి ముఖ్యము. పేర్లు పోయినచో మావారివలె రెండు రాత్రులు కూర్చుండి చక్కబెట్టుకొనవచ్చును. గూఢలిపి చెవి పోయినచో డిస్కులు క్షేమముగ నున్నను వాటిలోని అక్షరమొక్కటియైనను తిరిగి రాదు. మా పెట్టెలో అట్టి గది లేకపోవుట మా భాగ్యము. మా వివేకము కాదు.

ఐదవది: ప్రతిని పరీక్షింపవలెను. కుండలో విత్తనములు దాచినామని నమ్మి ఊరకుండు రైతు లేడు; గుప్పెడు తీసి తడిగుడ్డలో కట్టి మొలక చూచును. అట్లే ఏడాది కొకమాఱైనను ఒక పాత కంప్యూటరులో ఆ ప్రతి నెక్కించి పేర్లన్నియు వచ్చినవో లేదో చూచుకొనవలెను. తిరిగి నింపి చూడని ప్రతి ప్రతి కాదు, ఆశ మాత్రమే.

ఇంకొక భ్రాంతిని కూడ తొలగింపవలసి యున్నది. రెండు డిస్కులున్నవి గదా, ఇక భయమేల యని చాలమంది తలతురు. చౌక డిస్కులను జతపఱచి ఒకటి చెడినను రెండవదానితో పని నడపు ఆలోచనను కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమువారు ముగ్గురు 1988లో ప్రకటించిరి. అది డిస్కు చెడినపుడు రక్షించునది మాత్రమే. మనము పొరపాటున ఒక చిత్తరువును చెఱిపినచో రెండు డిస్కులలోను ఒక్కసారియే చెఱిగిపోవును. కావున వస్తువులకు వేఱుచోట ప్రతి యుండవలెను. అమరికలకు వేఱొక ప్రతి యుండవలెను. ఒకటి యున్నదని రెండవదానిని మఱువరాదు. అమరికల ప్రతిలో ఒక్క చిత్తరువును ఉండదు. చిత్తరువుల ప్రతిలో సాధారణముగ ఒక్క పేరును ఉండదు.

నాస్ పెట్టె లేనివారు ఇది మాకేల యనుకొనవలదు. మీ యింటి రౌటరునకును అమరికలున్నవి; చాల రౌటర్లలో వాటి ప్రతిని దింపుకొను వీలు కలదు. అసలీ తీగలు, పెట్టెలు లేని యింటను అమరికలున్నవి. పాలవానికి లెక్క యెట్లు, ఏ నగ ఏ కోడలికని అత్తగారు చెప్పిరి, బ్యాంకు లాకరు తాళమెచ్చట, భీమా కాగితమున ఎవరి పేరు వ్రాసి యున్నది అనునవి అనేక గృహములలో ఒక్క మనిషి తలలోనే యుండును. ఆ మనిషి తఱచుగ ఇంటి యిల్లాలే. ఆమె జ్వరపడి పదిదినములు పడుకొన్నచో బియ్యము నిండుగ నున్న యింట కూడ పస్తు తప్పదు.

మేమిప్పుడు ఒక నోటుపుస్తకము పెట్టితిమి. దానికి కవిలె యనియే పేరు పెట్టితిమి. అందు మొదటి పుటలో పెట్టె చిరునామా, డిస్కుల మీది వరుస సంఖ్యలు, అవి ఏ గూటిలో నెక్కడ నున్నవో వ్రాసితిమి. రెండవ పుటలో పదునాలుగు కుటుంబముల పేర్లు, ఒక్కొక్క పేరునకెదురుగ దాని సంఖ్య వ్రాసితిమి. పాస్‌వర్డులు మాత్రము అందు వ్రాయలేదు. మూడవ పుటలో అమరికల ప్రతి తీసిన తేదీలు నున్నవి. ప్రతి పౌర్ణమికి మావారు ప్రతి తీయుదురు. మేము తేదీ వ్రాసి సంతకము చేయుదుము. ఇరువురిలో ఒకరు మఱచినను రెండవవారు గుర్తుచేయుటకు ఇది ఉపాయము. మావారు లేనినాడు మేమే పెట్టెను నిలబెట్టుకొనగలమా యని పరీక్షించుటకు, గత మాసము వారు బడికి పోయిన వేళ పాత కంప్యూటరు మీద అంతయు మేమొక్కరమే నెక్కించితిమి. మొదట చేతులు వణకినవి. సాయంకాలమునకు పదునాలుగు పేర్లును తమ తమ సంఖ్యలతో నిలిచినవి.

అవ్వ సంగతి చెప్పక ముగించుట న్యాయము కాదు. మేమిద్దఱము ఆమె యింటికి పోయి, తప్పు మాదని కొడుకు ఎదుటనే చెప్పితిమి. కొడుకు మాతో మర్యాదగనే మాటలాడెను. తల్లితో మాత్రము నెలరోజులు మాటలాడలేదు. మేము పేర్లను సరిదిద్దితిమి. అతని కన్నులు చూచినదానిని మాత్రము వెనుకకు త్రిప్పలేకపోతిమి. తక్కిన పదుమూడు కుటుంబములవారికిని జరిగినది చెప్పితిమి. ఇద్దఱు తమ కాగితములను తీసివేయుమని కోరగా అట్లే చేసితిమి. వారిది న్యాయము.

అవ్వ మాత్రము తన గదిని తీసివేయమనలేదు. మొన్నటి పౌర్ణమినాడు మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చి, మా కవిలె చూపుమని యడిగెను. మేము రెండవ పుట తెఱచి ఆమె పేరు మీద వ్రేలు పెట్టి చూపితిమి. ఆమె చాలసేపు ఆ అక్షరములను చూచి, "ఇది ఇంగో పుస్తకంల గూడా రాసినావా?" అని యడిగెను. రాసితిమని చెప్పి, మా పుట్టింట నున్న రెండవ ప్రతి మాట చెప్పితిమి. "అట్లయితే సరే" యని మజ్జిగ పుచ్చుకొనెను.

సోదరీమణులారా, ఈ పుట మూయకముందే మీ యింటి పెట్టెకు అమరికల ప్రతి యున్నదా యని విచారింపుడు. లేనిచో నేడే తీయించి, తేదీ వ్రాసి, ఆ యింట గాక మఱియొక యింట నుంచుడు.